మంచంతో పాటు పోయిన మనిషి

అక్షరాలు వస్తే భయం పోతుందని మాకు చదువు చెప్పిన మాస్టారు అనేవారు. నాకు పోలేదు. అంతకు ముందు లేని భయం ఒకటి కొత్తగా పట్టుకుంది. చదవడం రానప్పుడు గోడల మీద ఏం రాసి ఉన్నా అది వేరేవాళ్ల కోసమే అనుకుని నడిచిపోయేదాన్ని. చదవడం వచ్చాక ప్రతి రాతా నన్నే ఉద్దేశించి రాసినట్టు ఉండేది. ‘లోపలికి రాకూడదు’ అని కనబడితే కాళ్లు అక్కడే ఆగిపోయేవి. మా వీధి చివర కరెంటు పెట్టె మీద ‘అపాయం’ అని ఉంది. ఎన్నో ఏళ్లు దాన్ని ఒరుసుకుంటూ నడిచినదాన్ని, ఆ మాట చదవగలిగిన మర్నాటి నుంచి రోడ్డు దాటి అవతలి పక్కన నడిచాను.

మాది సబ్బవరం వైపు పల్లె. పెళ్లయ్యాక గాజువాక దగ్గర ఒక కాలనీకి వచ్చాం. మా ఆయన ఇనుప గోడౌన్లలో లోడింగు పనికి వెళ్లేవాడు. తొంభైల్లో, నాకు ముప్పై దాటాక, కాలనీ బడి వరండాలో పెద్దవాళ్లకు సాయంత్రం చదువు మొదలుపెట్టారు. నేనూ వెళ్లాను. కూడబలుక్కుని చదవడం బేగానే వచ్చింది కానీ, తడబడకుండా చదవడానికి చాలా ఏళ్లు పట్టింది. తెలుగు చదవగలనని చెప్పడం వల్లే ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో ఆయాగా పెట్టుకున్నారు. ఊడ్చడం, దుప్పట్లు మార్చడం, రోగుల్ని ఒక మంచం మీంచి ఇంకో మంచం మీదకు చేర్చడం నా పని.

ఆ రోజుల్లో ప్రతి మంచానికీ కాళ్ల వైపు ఒక కొక్కెం ఉండేది. దానికి రోగి వివరాలు రాసిన అట్ట వేలాడేది. మనిషిని కదిపే ముందు మేం చేసే మొదటి పని ఆ అట్ట తీసి రోగి పొట్ట మీద పెట్టడం. తర్వాత మనిషిని ఎత్తి కొత్త మంచం మీద వేసి, పొట్ట మీది అట్టను ఆ మంచం కొక్కేనికి తగిలించేవాళ్లం. అట్ట మనిషి వెంట వెళ్లాలి, మంచం వెంట కాదు. దీన్ని ఎవరూ మాకు పాఠంలా చెప్పలేదు. చేతులకు అలవాటైపోయింది అంతే.

రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు అక్కడికి కంప్యూటర్ వచ్చింది. అట్టలు పోయాయి, కొక్కేలు మిగిలాయి. నర్సుల బల్ల మీద తెరలో మా వార్డంతా గళ్లు గళ్లుగా కనబడేది. పెద్ద గడి వార్డు. అందులో చిన్న గళ్లు గదులు. గదుల్లో ఇంకా చిన్న గళ్లు మంచాలు. ఖాళీ మంచం తెల్లగా, మనిషి ఉన్న మంచం ఆకుపచ్చగా ఉండేది. ఆకుపచ్చ గడి మీద నొక్కితే పేరు, వయసు, జబ్బు, మందులు విచ్చుకునేవి. ఏదైనా మందు పడని మనిషి అయితే డాక్టరు గారు ఆ మందు పేరు ఎర్ర అక్షరాలతో పైన పెట్టేవారు. మంచాల పేర్లూ బొత్తాల పేర్లూ తెలుగులోనే ఉండేవి. ఎర్ర అక్షరాలు మాత్రం ఇంగ్లీషు.

మంచాలు కదిపేది నేనే కాబట్టి తెర మీద వాటిని సరిచేయడం కూడా నాకే అప్పగించారు. వద్దని ఎంతో చెప్పాను. సిస్టర్ నవ్వేసింది.

"ఆయమ్మా, నువ్వు తెలుగు సదవగలవు కదా? మరి ఏటి నీకు బాధ? అది కరవదు."

కరవదని నాకూ తెలుసు. అయినా మౌస్ పట్టుకుంటే అరచేయి తడిసిపోయేది. ప్రతి మాటనూ మొదటి నుంచి చివరిదాకా చదివి, మళ్లీ చదివి, అప్పుడు నొక్కేదాన్ని.

ఆ ఏడు వానలకు జ్వరాలు విరుచుకుపడ్డాయి. గదులు నిండి, వరండాలో కూడా మడత మంచాలు వేశాం. ఒక పొద్దున్న సముద్రపు ఒడ్డు పేట నుంచి ఒక జాలరి అమ్మాయిని ఆటోలో తెచ్చారు. పాతికేళ్లు కూడా ఉండవు. ఒళ్లు పెనంలా కాలుతోంది. భర్త వేటకు వెళ్లి ఉన్నాడు. వెంట వచ్చింది అత్తగారు ఒక్కతే. ఆవిడ బయట ఆటోవాడితో గొడవ పడుతుండగా డాక్టరు గారు లోపల ఆ అమ్మాయిని చూశారు. అప్పటికి ఆ పిల్ల ఇంకా మాట్లాడుతోంది. డాక్టరు గారు ఏదో అడిగితే ఏదో చెప్పింది. ఆయన తెర మీద ఎర్రగా ఒక మాట కొట్టి, వరసగా ఆపరేషన్లు ఉన్నాయని థియేటర్‌లోకి వెళ్లిపోయారు. ఆ ఎర్ర మాటను నేను చూశాను. చదవలేకపోయాను. తర్వాత కాసేపటికే ఆ పిల్లకు మాట పడిపోయింది. కళ్లు తెరిచి ఉన్నా మమ్మల్ని చూడడం లేదు.

ఆ పిల్ల ఉన్నది మూడో మంచం. మధ్యాహ్నం ఆ మంచం తలవైపు కాలు విరిగి వంగిపోయింది.

"ఈ మంచం ఆటోనగర్ పంపి వెల్డింగ్ సేయించాలి. అమ్మాయిని వరండాలో ఎయ్యి. కంప్యూటర్లో కూడా మంచం తీసెయ్, లేకపోతే ఇంకెవర్నో దాని మీదకి పంపేస్తారు," అంది సిస్టర్.

అమ్మాయిని వార్డు బాయ్ సాయంతో ఎత్తి వరండాలో మడత మంచం మీద వేశాను. తర్వాత బల్ల దగ్గరకు వెళ్లి మూడో మంచం గడి మీద నొక్కాను. ‘ఈ మంచాన్ని తొలగించాలా?’ అని అడిగింది. రెండుసార్లు చదివాను. మంచాన్ని అనే ఉంది. మనిషిని అని లేదు. ముందు మంచం తీసి, తర్వాత మనిషిని వరండా గడిలోకి మార్చొచ్చనుకున్నాను. ‘అవును’ నొక్కాను.

గడి పోయింది. దానితో పాటు ఆకుపచ్చ పోయింది. పేరు పోయింది.

వరండా గళ్లలో వెతికాను. లేదు. మిగిలిన గదుల్లో చూశాను. లేదు. మనిషి అక్కడే, నాకు ఎదురుగా, మూలుగుతూ పడుకుని ఉంది. తెర మీద ఆ పేరు గల మనిషి ఎవరూ లేరు. సిస్టర్‌ను పిలిచాను. ఆవిడ చేతిలో రెండు సెలైన్ సీసాలు, ఎదురుగా మరో ఇద్దరు రోగులు. పరుగున వచ్చి వరండా గడిలో పేరూ వయసూ జ్వరమూ మళ్లీ కొట్టేసింది.

"ఇదిగో, వచ్చేసింది. ఇంత దానికి కంగారెందుకు?"

వచ్చింది. కానీ ఎర్ర లేదు.

నాకు అది ఒక్కసారిగా తట్టలేదు. ఏదో తక్కువైంది అనిపించింది కానీ ఏమిటో అందలేదు. ఈలోగా కొత్తగా చేరిన చిన్న డాక్టరు వరండాలో అందరినీ చూసుకుంటూ వచ్చాడు. తెర మీద ఆ అమ్మాయి వివరాలు చూసి ఇంజక్షన్ రాసి, పై అంతస్తుకు వెళ్లిపోయాడు. సిస్టర్ ట్రేలో సిరంజి పెట్టుకుని వస్తోంది. ఆ సిరంజి చూశాకే నాకు ఎరుపు గుర్తొచ్చింది.

"సిస్టర్, ఆగండి. ఈ అమ్మాయికి ఎర్రగా ఉండీది."

"ఎర్రగా ఏటి? ఒంటి మీదా?"

"కంప్యూటర్లో. పొద్దున్న ఎర్ర అచ్చరాలు ఉండీవి. ఇప్పుడు లేవు."

"ఏ మందని ఉంది?"

"ఇంగ్లీసండి. నాకు రాదు."

"నీకు రాదు, కంప్యూటర్లో లేదు. మరి నాను ఏటి సెయ్యాల? డాక్టర్ గారే కదా రాసేరు ఈ ఇంజక్షన్."

అత్తగారు లేచి నిలబడింది. చేపలమ్మే గొంతు, వరండా అంతా వినబడింది.

"ఏటమ్మా ఇది? మంచం ఇరిగిపోనాదని మా కోడల్ని ఈదిలో పడేసినారు. ఇప్పుడు సూది కూడా ఎయ్యరేటి? ముట్టుకుని సూడు, పొయ్యిలా కాలిపోతంది గుంట! మీ ఇంట్లో పిల్లకైతే ఇలాగే అడ్డం నిల్సుంటావా?"

నాకు ఆవిడ మీద కోపం రాలేదు. ఆవిడ అన్నదే నాకూ అనిపిస్తోంది. సూది వేస్తే ఏమవుతుందో తెలియదు. వేయకపోతే ఏమవుతుందో కూడా తెలియదు. నాకు తెలిసింది ఒక రంగు. ఆ రంగు ఈ అమ్మాయిదేనా, లేక పక్క మంచం గడిలో చూసి పొరబడ్డానా అని కూడా అనుమానం వచ్చింది.

"అమ్మా, ఒక్క ఇసుమంత సేపు. పెద్ద డాట్రుగార్ని అడిగొచ్చేస్తాను. సిస్టర్, మీకు దండం పెడతాను, నాను వచ్చేదాకా ఎయ్యకండి."

"థియేటర్లో ఉన్నారే ఆయన! తలుపు కొడితే నీ ఉద్యోగం ఊడిపోద్ది."

థియేటర్ తలుపు మీద ‘అనుమతి లేనిదే రాకూడదు’ అని ఉంది. అక్షరాలు వచ్చాక అలాంటి రాతను నేను ఎప్పుడూ దాటలేదు. ఆ రోజు కూడా తలుపు దగ్గర ఆగిపోయాను. లోపల దీపం వెలుగుతోంది. వెనక వరండాలో అత్తగారి గొంతు పెరుగుతోంది. ఆ గొంతు ఆగిపోతే సిస్టర్ సూది వేసేసిందని అర్థం, అనుకున్నాను. ఆ ఆలోచనతోనే తలుపు కొట్టాను, ఒకసారి కాదు, అరచేత్తో బాదాను.

లోపలున్న ఆయా తలుపు సందులోంచి కసిరింది. నేను ఆమెను చూడకుండా లోపలికి అరిచాను.

"డాట్రుగారూ! మూడో మంచం అమ్మాయికి ఏ మందు పడదండీ?"

ఇనుప పనిముట్ల చప్పుడు వినిపించింది. తర్వాత ముసుగు వెనక నుంచి డాక్టరు గారి గొంతు.

"ఎవరు? ఆ జాలరి అమ్మాయా? పెన్సిలిన్ పడదు. రాశాను కదా! చూసుకోరా మీరు?"

ఎలా పరుగెత్తానో తెలియదు. వరండాకు వచ్చేసరికి అత్తగారి గొంతు వినబడడం లేదు. గోడ పట్టుకుని మూల తిరిగాను. అత్తగారు కోడలి తల ఒళ్లో పెట్టుకుని, కొంగుతో విసురుతూ, ఏడుస్తోంది. సిస్టర్ పక్కనే నిలబడి ఉంది. సిరంజి ట్రేలోనే ఉంది, మందు నిండుగా.

"పెన్సిలిన్," అన్నాను.

సిస్టర్ ట్రే వైపు చూసింది. ట్రేను కిటికీలో పెట్టి, రెండు చేతులూ చీరకు తుడుచుకుంది. అందులో ఉన్నది అదే మందు అని ఆ చేతుల్ని బట్టి తెలిసింది. పై అంతస్తు నుంచి చిన్న డాక్టర్ని పిలిపించి వేరే మందు రాయించి వేశారు. ఆ సాయంత్రానికి జ్వరం కాస్త తగ్గింది. నాకు మాత్రం వణుకు తగ్గలేదు. ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చుంటే మా ఆయన, "ఏటే, నీకూ తగులుకుందా జొరం?" అన్నాడు.

మర్నాడు ఆ కంప్యూటర్ పని చేసి ఇచ్చిన కంపెనీ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. దువ్వాడ కాలేజీలో చదివి, అక్కడే ఒక చిన్న కంపెనీలో పనిచేస్తోంది. ఆ తెర మీది గళ్లన్నీ తయారుచేసింది ఆమే. డాక్టరు గారిని కలవక ముందే వరండాలో నా చెయ్యి పట్టుకుంది.

"పిన్నిగారూ, నిజం చెప్పండి. ఎవరికైనా ఏమైనా అయిందా?"

"లేదమ్మా. అదుగో, పడుకుంది."

ఆమె ఆ మంచం వైపు చూసింది. అంతవరకూ చదువుకున్న మాటలు మాట్లాడింది. తర్వాత గొంతు మారిపోయింది. "రాత్తిరి డాట్రుగారి ఫోనొచ్చిన కాణ్ణించీ నాను మనిసిని కాదు. ఇంట్లో కూడా సెప్పలేదు, ఏటైపోనాదో అని."

నా కన్నా ఎక్కువ భయపడిన మనిషిని అప్పుడే చూశాను. పోయిన వివరాలు తిరిగొస్తాయేమోనని చాలాసేపు వెతికింది. మంచం పోయిన రోజుకు ముందు రాత్రి తీసిపెట్టిన నకలులో ఈ పిల్ల లేదు, చేరింది ఆ పొద్దున్నే కాబట్టి. డాక్టరు గారు ఆమెతో ఎక్కువ మాట్లాడలేదు. ఇది బాగయ్యేదాకా తెర ముట్టుకోవద్దని, పాత అట్టలు తెచ్చి కొక్కేలకు తగిలించమని మాకు చెప్పారు. బాగు చేయలేకపోతే కంప్యూటర్‌నే తీసుకుపొమ్మని ఆమెకు చెప్పారు.

ఆమె వరండాలోనే ఒక బల్ల వేసుకుని పనిచేసింది. మంచాల మధ్య కూర్చుంటేనే తనకు తప్పు కనబడుతుందంది. టీ ఇవ్వడానికి వెళ్లినప్పుడు అడిగాను, మంచం తీస్తే మనిషి ఎందుకు పోయిందని.

"మీ దృష్టిలో మనిషి ఎక్కడుంది పిన్నిగారూ?"

"మంచం మీద."

"మేం మంచం లోపల పెట్టేశాం. తెర మీది పేజీ అంటే పెట్టెలో పెట్టె. వార్డులో గది, గదిలో మంచం. మేం వాడే ఫ్రేమ్‌వర్క్, అంటే తెరలు కట్టే సరంజామా, అలాగే కడుతుంది, అందులో తప్పు లేదు. చూపించడానికి అది బాగుంటుంది. కానీ మనిషి వివరాలు కూడా తెచ్చి ఆ మంచం పెట్టెలోనే పెట్టాం. పని తొందరగా అయిపోయింది, చూసినవాళ్లు బాగుందన్నారు. సేవ్ చేసినప్పుడల్లా తెర ఎలా ఉంటే అలాగే దాచేది. మీరు మంచం తీశారు, అది మనిషి లేని తెరను దాచేసింది."

"మరి ఇప్పుడు?"

"రెండు చెట్లు కడుతున్నాను, కొమ్మలోంచి కొమ్మ చీలినట్టు. ఒకటి తెర మీద కనబడేవాటి చెట్టు: వార్డు, గది, మంచం. దాన్ని మేం వ్యూ అంటాం. రెండోది నిజంగా ఉన్నవాటి చెట్టు: మనిషి, ఆ మనిషి జబ్బు, పడని మందులు. అది మోడల్. మంచం గడి ఇక మనిషిని దాచుకోదు. ఫలానా మనిషి వివరాలు ఇవ్వు అని రెండో చెట్టును అడిగి చూపిస్తుంది, అంతే. గడి పోతే అడిగేవాళ్లు పోతారు. మనిషి పోదు. ఒకే మనిషి రెండు చోట్ల కనబడాలన్నా, రెండు గళ్లూ అదే మనిషిని అడుగుతాయి. డాక్టరు గారు ఒకచోట ఎర్ర పెడితే రెండుచోట్లా వస్తుంది."

నాకు ఇది అర్థమైంది. మేం పొట్ట మీద అట్ట పెట్టడం లాంటిదే అని చెబితే ఆమె టీ గ్లాసు కింద పెట్టి మళ్లీ పనిలో పడింది. అర్థమవడం వల్ల నాకు ధైర్యం రాలేదు. తెరలో కనబడుతున్నది వేరు, నిజంగా ఉన్నది వేరు అని తెలిశాక, అప్పటిదాకా నేను తీసిన మంచాలన్నీ గుర్తొచ్చాయి. అవన్నీ ఖాళీవే. ఖాళీవే అని ఎన్నిసార్లు చెప్పుకున్నా, ప్రతి ఒక్కటీ మళ్లీ గుర్తుచేసుకుని చూసుకున్నాను.

అడిగితే ఇంకోటి కూడా చెప్పింది. మనిషి పోకుండా ఉండడం ఒక్కటే చాలదట. ఏ గడీ అడగకపోతే ఆ మనిషి ఉన్నా ఎవరికీ కనబడదు, అది ఇంకా ప్రమాదం అంది. ఆ మాట విన్నాక నాకు ఆ రోజంతా ఏ పని మీదా మనసు నిలవలేదు.

జాలరి అమ్మాయి లేచి కూర్చునేసరికి ఆ పని పూర్తయింది. ఆమెను అప్పటికి గదిలో ఒక మంచం మీదకు మార్చాం. డాక్టరు గారు వచ్చి, పని జరిగే చోటే చూడాలి అన్నారు. ఆ మంచం కడగాల్సి ఉంది. ఆ అమ్మాయి ఇంకా దాని మీదే ఉండగా, తెరలో మంచం తీయమన్నారు. వివరాలన్నీ అట్ట మీద ఉన్నాయి, పోయినా ప్రమాదం లేదన్నారు.

"ఎవరు నొక్కుతారు?" అంది కంపెనీ అమ్మాయి.

"పోయినసారి నొక్కిన మనిషే," అన్నారు డాక్టరు గారు. హాస్యంగానే అన్నారు.

తెరను తోపుడు బల్ల మీద గదిలోకే తెచ్చారు. నేను కుర్చీలో కూర్చోలేదు, నిలబడే మౌస్ పట్టుకున్నాను. వెనక మంచం మీంచి ఆ పిల్ల, వాళ్ల పేటలో అక్కను పిలిచినట్టు పిలిచి, మెల్లగా అడిగింది.

"అప్పా, నన్ను మళ్లీ తీసేత్తారేటి?"

"లేదమ్మా. మంచాన్నే."

"ఆ రోజూ మంచాన్నే అన్నారంట కదా. కంప్యూటర్ నన్ను మింగేసినాదని మా అత్త పేటంతా సెప్పేసినాది."

"సెప్పనా మరి?" అంది అత్తగారు తలుపు దగ్గర నుంచి. "సొరసేప మింగితే కడుపు కోసి తీస్తారు. దీనికి కడుపెక్కడుందో ఎవుడికి తెలుసు?"

సిస్టర్ నవ్వింది. డాక్టరు గారూ నవ్వారు. కంపెనీ అమ్మాయి నవ్వలేదు. ఆమె వేళ్లు బల్ల అంచును పట్టుకుని తెల్లబడ్డాయి. అట్ట ఉందని, ప్రమాదం లేదని నా తలకు తెలుసు. చేతికి తెలియడం లేదు. ‘ఈ మంచాన్ని తొలగించాలా?’ అదే మాట, అవే అక్షరాలు. కింద కొత్తగా ఇంకో వరుస ఉంది. ‘మంచం మీద ఉన్న వ్యక్తి వివరాలు అలాగే ఉంటాయి.’ చదివాను. రాసినంత మాత్రాన నిజమవుతుందా అనుకున్నాను. మళ్లీ చదివాను.

"బేగి నొక్కండి పిన్నిగారూ," అంది కంపెనీ అమ్మాయి, దాదాపు గొణిగినట్టు. "నాను నిల్సోలేకపోతన్నాను."

నొక్కాను.

గడి పోయింది. ఆకుపచ్చ పోయింది. ఆ చోట తెల్లగా ఖాళీ మిగిలింది. నేను ఆ ఖాళీనే చూస్తూ ఉండిపోయాను. ఇంకోవైపు చూడాలన్న సంగతి కూడా తట్టలేదు. తర్వాత కంపెనీ అమ్మాయి వేలు తెర కుడి అంచున ఒక చోట ఆనింది. అక్కడ ‘మంచం లేనివారు’ అని ఒక కొత్త పెట్టె. అందులో ఒకే ఒక పేరు. పేరు పక్కన ఎర్రగా ఇంగ్లీషు మాట, దాని కింద ఎర్రగానే తెలుగులో, ‘పెన్సిలిన్ పడదు’.

"ఉన్నానా?" అంది మంచం మీంచి ఆ పిల్ల.

"ఉన్నావు."

"ఎక్కడ?"

"మంచం లేనోళ్లలో ఉన్నావమ్మా."

"పోన్లే, మంచం లేకపోతే సాప ఏసుకుంటాది," అంది అత్తగారు. ఆవిడ గొంతు మొదటిసారి చిన్నగా వినబడింది. "పేరు దీందేనా? సరిగ్గా సూసేవా?"

నాకూ అదే భయం. ఒకే పేరు గల మనుషులు మా వార్డులో ఎందరో పడుకుని వెళ్లారు. ఆ పిల్ల దుప్పటి తోసుకుని, మంచం అంచుకు జరిగి, మెడ చాచింది. చదవడం ఆమెకు రాదు. నా మొహమే చూస్తోంది.

"ఇంకోసారి సూడప్పా."

ఇంటిపేరు నుంచి మొదలుపెట్టి, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, ఆమెకు వినబడేలా గట్టిగా చదివాను.